ఏటి అవతలికి పాసు

ప్రశ్న: మా అబ్బాయి మిజోరంలోని చంఫాయిలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడివాళ్లు ఏరు దాటి బర్మా వైపు చుట్టాలింటికి వెళ్లాలన్నా పాసు చూపించాలట, దానికి అందరూ గుర్రుగా ఉన్నారట. విమానం ఎక్కేటప్పుడు మనం కార్డు చూపించట్లేదా? వాళ్లకెందుకంత బాధ? ఇంకోటి, మేం వెళ్తే అవతలున్న రిహ్ దిల్ చెరువు చూడనిస్తారా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మీరు విమానం ఎక్కేది ఏ ఏడాదికో ఒకసారి కదమ్మా. వాళ్లు ఏరు దాటేది సరుకులకి, పెళ్లిళ్లకి, చావులకి. ఇవతలి మిజోలూ అవతల చిన్ రాష్ట్రంవాళ్లూ చుట్టరికాలున్న జనం. మీరడిగిన రిహ్ దిల్‌నే తీసుకోండి, చనిపోయినవాళ్ల ఆత్మలు ఆ చెరువు మీదుగానే పోతాయని మిజోల పాత నమ్మకం, తీరా చూస్తే ఆ చెరువున్నది మయన్మార్‌లో! మన సరిహద్దు ఊరు జోఖావ్తార్ దగ్గర టియావ్ ఏటి మీద వంతెన దాటి వెళ్లాలి.

ఇదివరకు సరిహద్దుకి అటూ ఇటూ 16 కిలోమీటర్ల లోపువాళ్లు వీసా లేకుండా తిరిగేవాళ్లు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ఈ పద్ధతి ఎత్తేస్తున్నామంది, చివరికి పూర్తిగా ఎత్తెయ్యలేదుగానీ ఆ డిసెంబరులో 16ని 10కి కుదించి, అక్కడ సరిహద్దు కాపలా కాసే అస్సాం రైఫిల్స్ దళం ఇచ్చే క్యూఆర్ కోడ్ పాసు తెచ్చింది. ఫలానా ఊళ్లో ఉంటున్నానని పోలీసులో ఊరిపెద్దో రాసిచ్చిన కాగితం పట్టుకెళ్లాలి. పాసు 7 రోజులే, అదీ ఒక్కసారికే, ఏ గేటులోంచి వెళ్లారో అక్కడే తిరిగొచ్చి అప్పగించాలి.

అసలు తంటా అంతా ఈ గేటు దగ్గరే. 1643 కిలోమీటర్ల సరిహద్దుకి అనుకున్న గేట్లు 43, అంటే సగటున 38 కిలోమీటర్లకొకటి, అదీ కొండల్లో. వంతెన పక్కనున్నవాళ్లకి పాసు పెద్ద లెక్క కాదు. మారుమూల ఊళ్లో ఉన్నామెకి మాత్రం ఎదుటి కొండ మీద అక్క ఇంటి పొగ కనిపిస్తూనే ఉంటుంది, అక్కడికి వెళ్లాలంటే గేటు దాకా దిగి, కాగితాలు చూపించి, మళ్లీ అవతలి కొండెక్కాలి. ఇక నాగాలాండ్‌లోని లోంగ్వాలో ఊరిపెద్ద ఆంగ్ ఇంటి మధ్యలోంచే సరిహద్దు గీత పోతుంది, ఆయన్ని ఏ గేటుకి పంపుతారో మరి!

ప్రభుత్వం భయం ఉత్తదేం కాదు. 2021లో మయన్మార్‌లో సైన్యం గద్దెనెక్కాక అక్కడ యుద్ధం, 2023 మేలో మణిపూర్‌లో గొడవలు, మధ్యలో మత్తుమందులు, తుపాకులు. పాత పద్ధతి తీసెయ్యమని అప్పటి మణిపూర్ ముఖ్యమంత్రే పట్టుబట్టారు, అటు మిజోరం, నాగాలాండ్ అసెంబ్లీలేమో తీసెయ్యొద్దని తీర్మానాలు చేశాయి. నన్నడిగితే పాసు ఉండాల్సిందే, కాకపోతే ఏడాది చెల్లేలా, ఎన్నిసార్లయినా వెళ్లొచ్చేలా ఇవ్వాలి. మత్తుమందు మూటలు దాటించేవాడు ఎలాగూ గేటు దగ్గర లైన్లో నిలబడడు, నిలబడేది అక్కని చూడ్డానికి బయల్దేరినామె. 2020 లాక్‌డౌన్‌లో తెలంగాణ సరిహద్దున గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఇరుక్కున్న మనవాళ్లెవరైనా ఉంటే అడగండి, అవతల సొంతూరు పెట్టుకుని ఇవతల నిలబడితే ఎలా ఉంటుందో చెప్తారు. వాళ్లకది కొన్నాళ్ల ముచ్చటే.

ఇక చెరువు సంగతి. ఆ పాసు 10 కిలోమీటర్ల లోపు కాపురముండేవాళ్లకే, మీకివ్వరు. అన్నట్టు మిజోరంలో అడుగుపెట్టాలన్నా మనకి ఇన్నర్ లైన్ పర్మిట్, అంటే బయటి రాష్ట్రాలవాళ్లకిచ్చే అనుమతి కాగితం, కావాలి, మీ అబ్బాయీ అది తీసుకునే వెళ్లి ఉంటాడు, టికెట్లు కొనేముందు ఒకసారి అడిగి చూడండి.