నా ల్యాప్‌టాప్‌లో పనిచేస్తోంది, చాలదా?

ప్రశ్న: నరసరావుపేటలో బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి కాలేజీ బస్సులో సీటు బుక్ చేసుకునే వెబ్‌సైట్ తయారుచేశాం. నా ల్యాప్‌టాప్‌లో చక్కగా పనిచేస్తోంది. సగం కోడ్ ఏఐ టూలే రాసిచ్చింది. సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ సబ్జెక్టు మాత్రం వాటర్‌ఫాల్, స్పైరల్ అనే సాఫ్ట్‌వేర్ తయారీ మోడళ్లు బట్టీపట్టి గట్టెక్కాను. గేట్ సిలబస్‌లోనూ అది లేదు. కోడింగ్ వస్తే చాలదా? ఏఐ వల్ల ఈ ఉద్యోగాలే ఉండవేమోనని ఇంట్లో టెన్షన్ పడుతున్నారు. - ఒక విద్యార్థి

జవాబు: బట్టీపట్టిన మోడళ్ల సంగతి పక్కన పెట్టి, మీ బస్సు వెబ్‌సైట్ దగ్గర మొదలుపెడదాం. ఒక్క సీటు మాత్రం ఖాళీగా ఉంచండి. మీరూ మీ రూమ్మేటూ చెరో ఫోన్‌లో ఆ సీటు ఎంచుకుని, ఒకేసారి బుక్ బటన్ నొక్కండి. ఇరవైసార్లు ప్రయత్నించండి. ఏదో ఒకసారి ఇద్దరికీ ‘మీ సీటు ఖరారైంది’ అని వస్తే ఆశ్చర్యపోవద్దు. సీటు ఖాళీగా ఉందా అని చూడటం ఒక పని, దాన్ని మీ పేర రాయడం ఇంకో పని. ఈ రెండింటి మధ్య రెప్పపాటు కూడా లేని సందు ఉంటుంది. ఆ సందులో రెండోవాడు దూరిపోతాడు. ల్యాప్‌టాప్ ముందు మీరొక్కరే కూర్చుంటే ఇది ఎన్నటికీ కనిపించదు. రెండు పనులనూ డేటాబేస్‌లో ఒకే ట్రాన్సాక్షన్‌గా (జరిగితే రెండూ జరగాలి, లేదంటే ఏదీ జరగకూడదు) చేసి, ఒక ట్రిప్పులో ఒక సీటు నంబర్ రెండుసార్లు నమోదు కాకుండా యూనిక్ నిబంధన పెడితే సమస్య తీరుతుంది. రాయాల్సిన కోడ్ నాలుగైదు లైన్లే. అది అవసరమని తట్టడమే అసలు చదువు.

ఇప్పుడు పైథాన్ తెరిచి 0.1 + 0.2 అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. జవాబు 0.30000000000000004 అని వస్తుంది. 0.1ని బైనరీలో, అంటే 0, 1 అంకెలతోనే, కచ్చితంగా రాయడం కుదరదు, ఎక్కడో ఒకచోట తెంపాల్సిందే. దూసుకొచ్చే శత్రు క్షిపణులను గాలిలోనే కూల్చే అమెరికా పేట్రియాట్ క్షిపణి వ్యవస్థ గడియారం కూడా పదోవంతు సెకన్ల లెక్కలోనే నడిచేది. ఆ పదోవంతును 24 బిట్ల (బైనరీ అంకెల) దగ్గర తెంపారు. కొద్ది గంటలు నడిపి ఆపేస్తే ఆ తేడా ఎవరికీ తెలియదు. గల్ఫ్ యుద్ధంలో సౌదీలోని దహ్రాన్ దగ్గర ఉన్న పేట్రియాట్‌ను మాత్రం వంద గంటలకు పైగా ఆపకుండా నడిపారు. అప్పటికి గడియారం 0.34 సెకను తప్పింది. అంత సమయంలో ఇరాక్ ప్రయోగించే స్కడ్ క్షిపణి అరకిలోమీటరుకు పైగా దూసుకెళ్తుంది. 1991 ఫిబ్రవరి 25న పేట్రియాట్ చూడాల్సిన చోట కాకుండా పక్కన చూసింది. 28 మంది అమెరికా సైనికులు చనిపోయారు. లోపం ఉందని అప్పటికే తెలుసు, సరిచేసిన సాఫ్ట్‌వేర్ కూడా సిద్ధమైంది. అది దహ్రాన్ చేరింది మర్నాడు. నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది ఆ ఒక్క రోజే. లోపాన్ని కనిపెట్టడం, సరిచేయడం, సరిచేసినదాన్ని వేళకు అవతలివాళ్లకు చేర్చడం, ‘అంతసేపు ఆపకుండా నడపొద్దు’ అని వాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం అన్నీ ఈ వృత్తిలో భాగమే.

ఏఐ రాసిచ్చిన సగం కోడ్ సంగతి. 1996 జూన్ 4న ఏరియాన్-5 రాకెట్ ఎగిరిన నలభై సెకన్లలోపే ముక్కలైపోయింది. అందులో దిశను లెక్కకట్టే కోడ్‌ను ఏరియాన్-4 నుంచి తెచ్చారు. అక్కడ అది ఏళ్ల తరబడి బాగానే పనిచేసింది. కొత్త రాకెట్ వేగం ఎక్కువ కావడంతో ఒక సంఖ్య 16 బిట్లలో పట్టలేదు. వేరేచోట సరిగ్గా ఉన్న కోడ్ మీ దగ్గర సరిగ్గా ఉంటుందన్న హామీ ఏమీ లేదు, రాసింది మనిషైనా ఏఐ అయినా. చివరి సీటు కోసం ఇద్దరు పోటీపడితే ఏమవుతుందని అడిగితే ఆ టూల్ మంచి కోడే ఇవ్వవచ్చు. ఆ ప్రశ్న అడిగేవాళ్లకు పని ఉంటుందని మీ ఇంట్లో ధైర్యంగా చెప్పండి. వచ్చిన కోడ్‌ను లైను లైనుగా చదివి, ఇది ఎక్కడ తెగుతుందో చెప్పగలిగేలా తయారవ్వండి.

గేట్‌లో ఈ సబ్జెక్టు లేని మాట నిజమే. కానీ బస్సు సీటు గొడవ మొత్తం ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో సింక్రనైజేషన్, డేటాబేస్‌లో ట్రాన్సాక్షన్స్ అధ్యాయాల్లోనే ఉంది. అవి ఎలాగూ చదవాలి కాబట్టి మీ వెబ్‌సైట్‌ను పక్కన పెట్టుకుని చదవండి. పరిశోధన మీద మనసుంటే ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్‌కే ప్రత్యేక పరిశోధన కేంద్రం ఉంది. సెక్యూరిటీ వైపు వెళ్లాలంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ ఇచ్చే పీజీ డిప్లొమాలు చూడండి. టెస్టింగ్ ఉద్యోగమంటే మాత్రం చిన్నచూపు వద్దు. ఏది ఎక్కడ విరుగుతుందో అంత దగ్గరగా చూసే అవకాశం కొత్తవాళ్లకు ఇంకెక్కడా దొరకదు.

నేను ఇంటర్వ్యూలు చేసిన రోజుల్లో దాదాపు అందరూ ప్రాజెక్టులో ఏమేం ఉన్నాయో గడగడా చెప్పేవారు. ‘అది ఎప్పుడు ఫెయిలైంది, ఎలా కనిపెట్టారు?’ అంటే గది నిశ్శబ్దమైపోయేది. రెండు ఫోన్ల కథ చెప్పగలిగితే మీరు గుర్తుండిపోతారు. అందుకని ఈ సెమిస్టర్‌లో కొత్త ప్రాజెక్టు వద్దు. ఉన్నదానికే టెస్టులు రాయండి, చేసిన ప్రతి మార్పునూ గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్రను దాచే టూల్) కారణంతో సహా నమోదు చేయండి, మీ ఫ్రెండ్స్ కోడ్ మీరు, మీ కోడ్ వాళ్లు చదవండి.

వాటన్నిటికంటే ముందు ఇంకొకటి. మీ లాగిన్ పేజీలో యూజర్ నేమ్ బదులు ఒక్క సింగిల్ కోట్ గుర్తు టైప్ చేయండి. డేటాబేస్ ఎర్రర్ తెరమీదికి వస్తే, టైప్ చేసినదాన్ని తిన్నగా ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను అడిగే భాష) వాక్యంలో అతికిస్తున్నారన్నమాట. కాస్త తెలిసినవాడు పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి వచ్చేయగలడు. టైప్ చేసినదాన్ని వాక్యంలో కలపకుండా విడిగా పంపేలా, పారామీటర్లతో క్వెరీ రాస్తే ఆ దారి మూసుకుంటుంది. సైట్ ఇప్పటికే ఇంటర్నెట్‌లో ఉండి, అందులో మీ కాలేజీ అమ్మాయిల ఫోన్ నంబర్లు, వాళ్లు బస్సెక్కే స్టాపుల పేర్లు ఉంటే, ఈ జవాబు చదవగానే దాన్ని దించేయండి. సరిచేశాక మళ్లీ పెట్టుకోవచ్చు.