749 చదవకుండా 750 చదవొచ్చా?

ప్రశ్న: మాది బొబ్బిలి. చిన్నప్పుడు చందమామ కోసం అన్నయ్యతో కొట్టుకున్న బాపతు నేను, కానీ ఈ అమెరికా బొమ్మల పుస్తకాలు ఎప్పుడూ ముట్టలేదు. దసరాకి వచ్చిన మా మేనల్లుడు "అత్తా, ఇది చదువు" అని వండర్ ఉమన్ అనే వీరనారి కథల పత్రిక 750వ సంచిక చేతిలో పెట్టి వెళ్లాడు. 96 పేజీలు. మొదటి కథ తెరిచేసరికే అందరూ కొట్టుకుంటున్నారు, ఎవరు ఎవరికి ఏమవుతారో తెలీదు. తీరా అలవాటు పడుతుంటే కథ మారిపోయింది, ఆ అమ్మాయి ముఖమూ మారిపోయింది. ఓ రాణి మట్టితో బొమ్మ చేస్తే దేవతలు ప్రాణం పోశారని, అలా ఈమె పుట్టిందని వాడు చెప్పాడు, అదొక్కటీ చప్పున ఎక్కింది, మన వినాయకుడు నలుగుపిండితో పుట్టలేదా! మిగతాది అర్థం కావాలంటే వెనకటి 749 పుస్తకాలూ చదవాలా? ఇంకోటి, యుద్ధానికి వెళ్లే మనిషికి ఆ చాలీచాలని బట్టలేమిటండీ?
– ఓ పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: అమ్మా, 749 అంకె వేసిన సంచిక అసలు అచ్చే కాలేదు. మీ చేతిలో ఉన్నదానికి ముందు వచ్చినదాని మీద 83 అని ఉంటుంది. 1942లో మొదలైన పత్రిక 1986లో 329 దగ్గర ఆగింది. మరుసటి ఏడాది మళ్లీ 1 నుంచి మొదలుపెట్టి 226 దాకా వెళ్లారు, 2006లో మళ్లీ 1 అన్నారు, 44 వచ్చాక ఎవరో కూర్చుని లెక్క కడితే మొత్తం 599 తేలింది కాబట్టి 2010లో తర్వాతి దానిమీద 600 వేసేశారు. అది 614 దాకా నడిచింది. 2011లో మళ్లీ ఒకటి (52 వచ్చాయి), 2016లో మళ్లీ ఒకటి (83 వచ్చాయి). కూడి చూడండి, సరిగ్గా 749. వేరుకాపురాలు పెట్టిన అన్నదమ్ములంతా శుభలేఖలో తాత పేరు కింద ఒకటైనట్టు, 2020 జనవరిలో 750 అన్నారు. 2023లో 800 వచ్చింది, ఆ వెంటనే మళ్లీ ఒకటి!

ముఖాలు మారడం మీ కళ్ల తప్పు కాదు. పండగ సంచిక కదా, ఒక్కో కథా ఒక్కో రచయిత రాసి ఒక్కో చిత్రకారుడు వేశారు. అమ్మవారి కథని ఒక్కో జముకుల బృందం ఒక్కో తీరున చెప్పదూ, అలాగన్నమాట. మిమ్మల్ని తికమక పెట్టిన మొదటి కథ మాత్రం అంతకుముందు సంచికల్లో నడిచిన సీరియల్‌కి ఆఖరి భాగం. కొత్తవాళ్లు కొంటారని తెలిసీ దాన్నే ముందు పెట్టడం నాకు నచ్చలేదు, విజయనగరం పైడితల్లి పండక్కి సిరిమాను తిరగడం అయిపోయాక మూడులాంతర్ల దగ్గర బస్సు దిగినట్టు ఉంటుంది. మీరు ఆఖరి కథ చదవండి. 1939 నాటి న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఆమె జనం ముందుకు వస్తుంది, వెనక కథేమీ తెలియక్కర్లేదు.

మట్టిబొమ్మ కథ పాతది. 2011లో మళ్లీ మొదలెట్టినప్పుడు ఆమెని గ్రీకు దేవుడు జ్యూస్ కూతుర్ని చేసేశారు. నాకైతే మట్టే బాగుంది, తల్లి ఒక్కతే కావాలనుకుని చేసుకున్న బిడ్డ అంటే ఆ కథకుండే బలం వేరు. ఈ పాత్రని పుట్టించిన విలియం మౌల్టన్ మార్స్టన్ సైకాలజిస్టు, రక్తపోటు కొలిచి అబద్ధం పట్టుకోవచ్చని పరిశోధనలు చేసిన మనిషి. ఆమె చేతిలో నిజం చెప్పించే తాడు చూశారుగా? మొదట్లో అది నిజం కోసమే కాదు, అందులో చిక్కినవాళ్లు ఆమె ఏం చెబితే అది చేయాల్సిందే.

బట్టల సంగతి మీరొక్కరే అడగలేదు. 2016లో ఐక్యరాజ్యసమితి ఈ పాత్రని ఆడపిల్లల సాధికారతకి గౌరవ రాయబారిని చేస్తే, ఆ వేషంలో ఉన్న బొమ్మ తప్ప మీకు నిజం మనుషులే దొరకలేదా అని అక్కడి ఉద్యోగులే గొడవ చేశారు, రెండు నెలల్లోపే ఆ హోదా ముగిసింది. 600వ సంచికలో ప్యాంటు, పైన జాకెట్ తొడిగించారు కూడా. నాకు అది బాగానే అనిపించింది, కానీ పాత పాఠకులు చాలామంది గోల పెట్టారు, 2011 తిరిగేసరికి పాత వేషమే మళ్లీ వచ్చింది.

మేనల్లుడు సంక్రాంతికి వస్తే 749వ సంచిక తెచ్చిపెట్టమని అడగండి. ఏమన్నాడో నాకు రాయండి.