లోపం ఎక్కడుందో తేలే వరకు ఏమీ మార్చవద్దు

బర్కత్‌పుర,
హైదరాబాదు

చిరంజీవి శ్రీకాంత్‌కు పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

మీ నాన్న దుబాయి నుంచి తెచ్చిన స్టీరియోలో ఎడమ స్పీకరు ఒకసారి పలికి ఒకసారి మూగబోతున్నదనీ, పలికినప్పుడు కూడా గరగరలాడుతున్నదనీ, ఆంప్లిఫయరు మార్చేయమని ఎవరో చెప్పారనీ నీ ఉత్తరం వల్ల తెలిసింది. తొందరపడి డబ్బు ఖర్చు చేయవద్దు. లోపం ఏ భాగంలో ఉందో తేలనిదే ఏ భాగాన్నీ మార్చకూడదు.

ముందు సెట్టు ఆపి, ప్లగ్గు తీసి, స్పీకరు తీగల చివరలు చూడు. రాగి నల్లబడినా పచ్చబారినా ఆ ముక్క కత్తిరించి, కొత్త కొస తీసి బిగించు. అప్పటికీ లోపం పోకపోతే ఆంప్లిఫయరు వెనుక ఎడమ స్పీకరు తీగలను కుడివైపు, కుడి స్పీకరు తీగలను ఎడమవైపు తగిలించు. గరగర కుడి స్పీకరులోకి మారితే ఎడమ స్పీకరు మంచిదే, దోషం ఆంప్లిఫయరులోనో దానికి పాట పంపే క్యాసెట్ డెక్కులోనో ఉన్నట్టు. ఎడమ స్పీకరులోనే ఉండిపోతే ఆ స్పీకరునో దాని తీగనో అనుమానించాలి. దోషం మారిందని తేలితే స్పీకర్లను మళ్ళీ యథాప్రకారం కలిపి, డెక్కు నుంచి వచ్చే రెండు పిన్నులను ఆంప్లిఫయరు దగ్గర అటుదిటు మార్చు. ఇప్పుడు కూడా దోషం పక్క మారితే తప్పు డెక్కుదో దాని కేబులుదో, మారకపోతే ఆంప్లిఫయరుదే. నీ సెట్టులో లోపం వచ్చి పోతున్నది కాబట్టి, తీగ కదిలినందుకే తాత్కాలికంగా బాగుపడినట్టు అనిపించవచ్చు. అందుకని ప్రతి మార్పు తర్వాత కనీసం గంటసేపు పాటలు విని గానీ నిర్ణయానికి రావద్దు.

ఆంప్లిఫయరు అని తేలినా భయపడనక్కరలేదు. వాల్యూమ్ మీట తిప్పినప్పుడు చిటపటలాడితే ఆ మీటతో పాటు లోపల తిరిగే పాట్ అనే భాగంలో మన ఊరి దుమ్మూ, వానాకాలపు చెమ్మా చేరాయన్న మాట. కాంటాక్ట్ క్లీనరు కొద్దిగా కొట్టి, మీటను ఈ చివర నుంచి ఆ చివరకు పలుమార్లు తిప్పితే చాలావరకు పోతుంది. తుప్పు వదిలించే నూనె స్ప్రేలు మాత్రం వాడవద్దు, ఆ జిడ్డుకు మళ్ళీ దుమ్ము పడుతుంది. శబ్దం బాగా పెంచినప్పుడు మూగబోయిన పక్క తిరిగి పలుకుతున్నదా అన్నది ప్రత్యేకంగా గమనించు. అలా పలికితే, ఆన్ చేసిన కొన్ని క్షణాలకు టక్కుమని స్పీకర్లను కలిపే స్విచ్చు, అంటే రిలే, లోపలి కాంటాక్టులు మాసిపోయి ఉండవచ్చు. వాటిని గరుకు కాగితంతో రుద్దితే పై పూత లేచిపోతుంది. రిలే మార్చడమే మేలు, అది ఖరీదైన వస్తువు కాదు. వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా ఆగని హమ్, అంటే సన్నని గుంయ్‌మనే మోత, వినిపిస్తే పవర్ సప్లయిలో కరెంటును నిలవచేసే పెద్ద కెపాసిటర్లు ఎండిపోయాయేమో చూడాలి. ఆ పని మాత్రం మెకానిక్కుకే వదిలిపెట్టు. ప్లగ్గు తీసిన తర్వాత కూడా వాటిలో కరెంటు నిలిచి ఉంటుంది, నువ్వు చెయ్యి పెట్టవద్దు. వెనుక వోల్టేజి మీట ఉంటే తుడిచేటప్పుడు పొరపాటున కూడా 110కి జరపవద్దు, మన 230 వోల్టులకు ట్రాన్స్‌ఫార్మరు కాలిపోగలదు.

తప్పు స్పీకరుదైతే ముందు గుడ్డ జాలీ తీసి, బేస్ పలికే పెద్ద ఊఫరు చుట్టూ ఉన్న అంచు చూడు. అది ఫోమ్ అయితే, వాడినా వాడకపోయినా ఏళ్ళు గడిచేసరికి ముట్టుకుంటేనే పొడిగా రాలుతుంది. రబ్బరు అంచు అంతకన్నా చాలా కాలం మన్నుతుంది. ఊఫరు మధ్యలో గరాటులా ఉండే కోన్‌ను రెండు చేతుల వేళ్ళతో సమానంగా, మెల్లగా లోపలికి నొక్కి చూడు. గీరుకుంటున్న చప్పుడు వస్తే కోన్ వెనుక ఉండే తీగచుట్ట, అంటే కాయిల్, పక్కకు ఒరిగిందని అర్థం. అంచు ఒక్కటే పోయి ఉంటే మొత్తం స్పీకరు పారేయనక్కరలేదు, ఫోమ్ మార్పించు. ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే కోఠీ గుజరాతీ గల్లీలో విచారించేటప్పుడు కొలత నోటితో చెప్పకుండా ఊఫరునే వెంట తీసుకువెళ్ళు. తిరిగి బిగించేటప్పుడు రెండు స్పీకర్లకూ ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే కలిపావా అని చూసుకో. ఒకదానికి తారుమారైతే బేస్ సన్నగిల్లిపోతుంది.

క్యాసెట్లు మాత్రమే మందంగా వినిపిస్తే అది వేరే సంగతి, డెక్కులో టేపు తాకే హెడ్‌నూ రబ్బరు రోలరునూ ఐసోప్రొపిల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడిస్తే చాలు.

తీగలూ పిన్నులూ మార్చినప్పుడు దోషం ఎటు మారిందో, శబ్దం పెంచితే ఏమైందో వివరంగా రాయి. తప్పు రిలేదే అనిపిస్తే మెకానిక్కు చేత మూత తీయించి, దానిమీద ముద్రించిన నంబరూ, వోల్టేజీ కూడా రాసి పంపు; సరిపోయే రిలే నేను కోఠీలో విచారించి పెడతాను.

ఇట్లు,
నీ పెదనాన్న