అమ్మలూ, ఆ ప్లేటు విప్పే ముందు

అమ్మలూ,

నిన్న మీ నాన్న ఫోన్ చేశాడు. మాటల మధ్యలో నువ్వు బండి కింద రాళ్ళ దెబ్బలు కాచే కొత్త స్కిడ్ ప్లేట్ వేయబోతున్నావనీ, ఎవరికీ ఇవ్వకుండా నీ చేతులతోనే బిగిస్తానంటున్నావనీ చెప్పాడు. గర్వం దాచుకోవడం వాడికి ఎప్పుడూ చేతకాదు. నాకూ సంతోషమే. కానీ చివర్లో "ఏముందన్నయ్యా, బోల్టులు విప్పడం, బోల్టులు బిగించడం, అంతేగా" అన్నాడు చూడు, అక్కడ ఒళ్ళు మండింది. లోకంలో ఎవరైనా అనొచ్చు గానీ వాడు అనకూడని మాట అది. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిక పట్టు.

ముందు తేలిక విషయాలు. ఉక్కు ప్లేటయితే 5 మిల్లీమీటర్ల మందం సరిపోతుంది. చదరపు మీటరుకి దాదాపు 39 కిలోలుంటుంది, ఒంటరిగా ఎత్తబోకు. 6 మిల్లీమీటర్ల అల్యూమినియం అదే కొలతకి 16 కిలోలే, తుప్పు గొడవ కూడా లేదు. కాకపోతే రాయి మీద ఉక్కు జారుతుంది, అల్యూమినియం చెక్కుకుపోయి పట్టేస్తుంది. రాళ్ళ దారుల్లో తిరిగే పనయితే నా ఓటు ఉక్కుకే. ఆయిల్ మార్చడానికి ప్లేటులో రంధ్రాలున్నాయా, చేరిన బురదని నీళ్ళతో కడిగేసే సందు ఉందా చూసుకో. ఎండుగడ్డి ప్లేటుకీ సైలెన్సర్ పైపుకీ మధ్య ఇరుక్కుంటే అంటుకుంటుంది, ప్రతి ప్రయాణం తర్వాతా ఒక చూపు వెయ్యి. పాత బోల్టులకి రెండు రోజుల ముందు నుంచే తుప్పు వదిలించే నూనె కొట్టు. నీ బండిలో ఆ బోల్టులు పట్టుకునే నట్లు ఛాసిస్ అనే కింది చట్రం లోపల బిగించి ఉంటాయి. బలవంతం చేస్తే నట్టే గిర్రున తిరుగుతుంది, ఇక బోల్టు బయటికీ రాదు, లోపలికీ పోదు.

ఇప్పుడు అసలు సంగతి. నీది జీప్ టీజే ర్యాంగ్లర్. 1997 నుంచి 2006 దాకా వచ్చిన ఆ మోడల్‌లో స్కిడ్ ప్లేటు కింది దెబ్బలు కాచుకునే కవచం మాత్రమే కాదు, గేర్‌బాక్స్‌ని మోసే వెనక మౌంటింగ్ దాని మీదే కూర్చుంటుంది. అంటే ప్లేటు విప్పావంటే గేర్‌బాక్సూ, దాని వెనకే ఉండి ముందు వెనక చక్రాలకి శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసూ ఆధారం లేకుండా వేలాడతాయి. అందుకని విప్పే ముందు గేర్‌బాక్స్ కింద ఒక జాకీ, బండి బరువు మోయడానికి విడిగా స్టాండ్లు పెట్టు. ఒక్క జాకీని నమ్ముకుని కిందకి దూరావని తెలిస్తే ఆ రోజు నుంచి నీతో మాట్లాడను. ఇది బెదిరింపే అనుకో. జాకీ జారి బండి కిందకి దిగడం నేను కళ్ళారా చూశాను. ఆ క్షణంలో కింద ఎవరూ లేరు, అంతే తేడా.

ఫ్యాక్టరీ ప్లేటు ఛాసిస్ కంటే కిందకి ఉబ్బి ఉంటుంది. రాళ్ళ మీద ముందుగా తగిలేది అదే. అందుకే అందరూ చదునైన ప్లేటు వేసి గేర్‌బాక్స్‌ని పైకి జరుపుతారు. నువ్వు చూసిందీ అలాంటిదేనని మీ నాన్న మాటల్ని బట్టి అర్థమైంది. ప్లేటు కింద రెండు మూడు సెంటీమీటర్లు ఖాళీ పెరుగుతుంది, నిజమే. కానీ ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి వెనక యాక్సిల్‌కి శక్తి మోసే వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి ఏమవుతుందో ఎవరూ చెప్పరు.

కాగితం మీద లెక్క వేద్దాం. ఇవి నీ బండి కొలతలు కావు, లెక్క అర్థం కావడానికి వేసుకున్న అంకెలు. ట్రాన్స్‌ఫర్ కేస్ అవుట్‌పుట్, అంటే షాఫ్ట్ తగిలించే చివర, వెనక్కి 5 డిగ్రీలు వాలి ఉంది, షాఫ్ట్ 10 డిగ్రీలు వాలి ఉంది, వెనక యాక్సిల్‌లో షాఫ్ట్ తగిలే పినియన్ కూడా ముక్కు పైకెత్తి 5 డిగ్రీల్లో ఉంది అనుకో. షాఫ్ట్ రెండు చివర్లా వంగే కీళ్ళుంటాయి, యూనివర్సల్ జాయింట్లంటారు. ముందు జాయింట్ దగ్గర వంపు 5, వెనక జాయింట్ దగ్గరా 5. సరిసమానం. ఇప్పుడు గేర్‌బాక్స్ తోకని రెండున్నర సెంటీమీటర్లు ఎత్తు. ఇంజన్ మౌంటింగ్‌లకీ వెనక మౌంటింగ్‌కీ మధ్య 90 సెంటీమీటర్లుంటే అవుట్‌పుట్ వాలు 5 నుంచి 3.4కి తగ్గుతుంది. షాఫ్ట్ పొడవు అర మీటరే కాబట్టి దాని వాలు 10 నుంచి దాదాపు 13కి పెరుగుతుంది. ముందు జాయింట్ వంపు 9.6, వెనకది 8. చూశావా? రెండూ పెరిగాయి, పైగా ఒకదానికొకటి పొసగడం లేదు. షాఫ్ట్ పొట్టిదైన కొద్దీ ఈ బాధ ఎక్కువ, టీజేలో వెనక షాఫ్ట్ పొట్టిదే.

యూనివర్సల్ జాయింట్ వంపులో తిరిగేటప్పుడు రెండో వైపు ఒకే వేగంతో తిరగదు. ప్రతి చుట్టుకీ రెండుసార్లు వేగం పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. 3 డిగ్రీల్లో ఆ తేడా లెక్కలోకి రాదు, 10 డిగ్రీల్లో అటూ ఇటూ ఒకటిన్నర శాతం, 20కి చేరితే 6 శాతం. ముందు జాయింట్ చేసిన తప్పుని వెనక జాయింట్ సరిదిద్దాలంటే రెండు వంపులూ సమానంగా ఉండాలి, షాఫ్ట్ రెండు చివర్లా జాయింట్‌ని పట్టుకునే యోక్‌లూ ఒకే వరసలో ఉండాలి. షాఫ్ట్ విప్పితే అది జారే చోట ఉండే స్ప్లైన్ పళ్ళ మీద రంగుతో గీత పెట్టుకోమనేది అందుకే. అయితే వంపులు సమానమైనంత మాత్రాన అంతా అయిపోయినట్టు కాదు. మధ్యలో షాఫ్ట్ బరువు మాత్రం ప్రతి చుట్టులోనూ వేగం పుంజుకుని తగ్గుతూనే ఉంటుంది. అందుకే పెద్ద వంపులు సమానంగా ఉన్నా వణుకు పోదు.

ఇక మీ నాన్న కథ. నీకు చెప్పి ఉండడు, నాకు తెలుసు.

నువ్వింకా బడికి వెళ్ళే రోజులు. మా దగ్గరున్న పాత ఫోర్‌వీల్ డ్రైవ్ బండికి వాడు ఇలాంటిదే ఒక చదును ప్లేటు కొలత తీసి చేయించుకొచ్చాడు. గేర్‌బాక్స్ మౌంటింగ్ ఎత్తి, వెల్డింగ్ చేసి, రంగు వేసి, ఎంత ముద్దుగా చేశాడనుకున్నావు! వాడి చేతి పనికి ఈ రోజుకీ నేను వంక పెట్టను. రాళ్ళ మీద బండి ఎక్కడా ఆగలేదు. ఇంటికొచ్చేదాకా ప్లేటు కబుర్లే.

తారురోడ్డు మీద 70 దాటగానే సీటు కింద సన్నగా గుయ్యిమనేది. "టైర్లు" అన్నాడు. బ్యాలెన్సింగ్ చేయించాడు. తగ్గలేదు. ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చాడు. తగ్గలేదు. అప్పుడు వాడికొక తెలివైన ఆలోచన వచ్చింది. ప్లేటుకీ ఛాసిస్‌కీ మధ్య దళసరి రబ్బరు ముక్కలు పెట్టి బిగించాడు. చప్పుడు సగానికి సగం పోయింది! ఎంత పొంగిపోయాడో. నిజానికి షాఫ్ట్ ఎప్పటిలాగే కొట్టుకుంటోంది, ఆ సంగతి మన చెవిదాకా రాకుండా చేశాడంతే. ఏడుస్తున్న పిల్లాడి నోరు మూసి జ్వరం తగ్గిందన్నట్టు.

జాయింట్ కప్పుల్లో సన్నటి సూది బేరింగులుంటాయి. వాటి గ్రీజు ఎండిపోయి అరుగుతున్నప్పుడు కప్పు చుట్టూ ఎర్రటి తుప్పుపొడి కడుతుంది. కిందకి దూరి టార్చి వేస్తే అర నిమిషంలో తెలిసే విషయం. చప్పుడు లేదు కదా, ఎవరు దూరతారు?

ఒక సాయంత్రం ఘాట్ దిగుతున్నాం. వాడు నడుపుతున్నాడు, నేను పక్కన. ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు జాయింట్ తెగింది. తుపాకీ పేలినట్టు ఒక్క మోత, ఆ వెంటనే కాళ్ళ కింద ఇనుప కడ్డీతో బాదుతున్నట్టు వరసగా దెబ్బలు. షాఫ్ట్ ముందు చివర ఊడి, వెనక చక్రాలు తిప్పుతుంటే గిరగిరా కొట్టుకుంటోంది. సైలెన్సర్ పైపు తెగింది, ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక భాగం పగిలి ఆయిలంతా రోడ్డు మీద. షాఫ్ట్ నేలలో గుచ్చుకోకపోవడానికి కారణం, అది మా కొత్త ప్లేటు వెనక అంచు మీదకి వాలడమే. ఇంజన్ పట్టు పోయింది, బండి వేగం అందుకుంటోంది. వాడు కంగారులో ముందు హ్యాండ్ బ్రేక్ లాగాడు. లాగితే ఏముంది? ఆ బండికి హ్యాండ్ బ్రేక్ చక్రాలకి ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక షాఫ్ట్‌ని పట్టుకుంటుంది. షాఫ్టే ఊడాక అది దేన్ని పట్టుకుంటుంది? కాలి బ్రేకుతో ఆపాడు, ఆగింది. దిగి చక్రాల కింద రాళ్ళు పెట్టాం. చాలాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆ వారమే పాత ప్లేటు తిరిగి బిగించేశాడు, ఇంకెప్పుడూ ఆ ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు, ఈ ఉత్తరం దాకా.

వాడిని తక్కువ చేయడానికి చెప్పడం లేదమ్మా. ఈ లేఖ వాడికి చూపించినా నాకేం భయం లేదు. వెల్డింగ్‌లో, కొలతల్లో మాలో వాడిదే మంచి చెయ్యి. కానీ షాఫ్ట్ వంపు మాత్రం కొలవలేదు. నీ చెయ్యి కూడా వాడి చెయ్యే, అందుకే నాకీ టెన్షన్.

కాబట్టి పాత ప్లేటు కదిలించకముందే మూడు కొలతలు తీసుకో: అవుట్‌పుట్ వాలు, షాఫ్ట్ వాలు, పినియన్ వాలు. డిజిటల్ యాంగిల్ గేజ్ ఒకటి కొనుక్కో, చవకదైనా ఫరవాలేదు. బండి చదునైన నేల మీద తన చక్రాల మీదే నిలబడి ఉండాలి. జాకీ మీద ఎత్తిన బండిలో యాక్సిల్ వేలాడుతుంది, ఆ కొలతలు ఎందుకూ పనికిరావు. కొలిచే ముందు బండిని నాలుగుసార్లు కిందకి నొక్కి వదులు, స్ప్రింగులు సర్దుకుంటాయి. కొత్త ప్లేటు బిగించాక అవే మూడూ మళ్ళీ కొలువు. జాయింట్ వంపులు 3 డిగ్రీల లోపుంటే హాయి. అంతకంటే ఎక్కువున్నా రెండింటి మధ్య తేడా ఒక డిగ్రీ దాటకూడదు. అలాగని వంపు పూర్తిగా సున్నా కూడా మంచిది కాదు, సూది బేరింగులు దొర్లకుండా ఒకేచోట గుంట చేసుకుంటాయి.

తేడా వస్తే ఏం చేయాలి? ఇంజన్ మౌంటింగ్‌లని కూడా అంతే ఎత్తితే అవుట్‌పుట్ వాలు తిరిగి మొదటికొస్తుంది. మన లెక్కలో రెండు జాయింట్లూ 8 దగ్గర సమానమవుతాయి. సమానమే గానీ ఎక్కువే. అప్పుడు ఫ్యాన్ దాని చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌కి తగులుతోందేమో చేత్తో తిప్పి చూసుకో. పూర్తి వైద్యం కావాలంటే షాఫ్ట్ ముందు చివర ట్రాన్స్‌ఫర్ కేస్‌లోకి జారి కూర్చునే స్లిప్ యోక్ తీసేసే కిట్, ముందు చివర రెండు జాయింట్లు జోడించిన డబుల్ కార్డన్ జాయింట్ ఉన్న కొత్త షాఫ్ట్, పినియన్ వాలు సర్దుబాటు చేసుకోగల వెనక పై కంట్రోల్ ఆర్మ్‌లు కావాలి. ఆ షాఫ్ట్ వేస్తే లెక్క మారిపోతుంది: పినియన్ అవుట్‌పుట్‌కి సమాంతరంగా కాదు, నేరుగా షాఫ్ట్ వైపే చూడాలి, ఒకటి రెండు డిగ్రీలు కిందకి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు పినియన్ ముక్కు పైకి లేస్తుంది కాబట్టి ఆ వెసులుబాటు. మామూలు షాఫ్ట్ లెక్కతో దీన్ని బిగించి, డబ్బు పోసి మరీ వణుకు కొనుక్కునేవాళ్ళున్నారు.

నన్నడిగితే ఇదంతా ఇప్పుడే వద్దు. పాత ఎత్తులోనే కూర్చునే గట్టి ప్లేటు వెయ్యి. నీకు కావలసిన రక్షణ అందులోనే వస్తుంది. ఆ రెండున్నర సెంటీమీటర్లు షాఫ్ట్‌కి డబ్బు కూడాక చూద్దాం. వయసైపోయినవాడి పిరికితనం అంటావేమో. అనుకో.

అన్నీ సరిగ్గా చేశాక కూడా ఏదైనా గుయ్యిమంటే భయపడకు, వెతకడానికి పద్ధతుంది. ప్లేటు సైలెన్సర్ పైపుకో ట్రాన్స్‌ఫర్ కేస్‌కో తగులుతోందేమో ముందు చూడు. వేలు దూరేంత సందు అన్నిచోట్లా ఉండాలి. చప్పుడు ఏ వేగంలో వస్తుందో గుర్తుపెట్టుకుని, ఖాళీ రోడ్డు మీద అదే వేగంలో న్యూట్రల్ చెయ్యి. ఇంజన్ వేగం పడిపోయినా వణుకు అలాగే ఉంటే అది ఇంజన్‌ది కాదు, షాఫ్ట్‌దో టైర్లదో. 75 సెంటీమీటర్ల టైరు 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకి తొమ్మిది చుట్లకి కాస్త ఎక్కువ తిరుగుతుంది. డిఫరెన్షియల్ నిష్పత్తి, అంటే చక్రం ఒక చుట్టుకి షాఫ్ట్ తిరిగే చుట్లు, 4.1 అయితే షాఫ్ట్ దాదాపు 39 చుట్లు, జాయింట్ వంపు వల్ల వచ్చే కుదుపు సెకనుకి 77 సార్లు. అందుకే టైరు లోపం స్టీరింగ్‌నీ సీటునీ ఊపుతుంది, జాయింట్ లోపం తుమ్మెదలా గుయ్యిమంటుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు, వదిలినప్పుడు ఆ శబ్దం మారితే నా అనుమానం వంపు మీదే. షాఫ్ట్ విప్పి నడిపి చూడమని ఎవరైనా సలహా ఇస్తారు. నీ బండిలో స్లిప్ యోక్ ఉన్నంతకాలం వెనక షాఫ్ట్ లాగితే ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిల్ కారిపోతుంది, ఆ పని చేయకు.

వంద కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ టార్క్ రెంచ్‌తో మళ్ళీ బిగించు. అదే చేత్తో జాయింట్ కప్పుల చుట్టూ టార్చి వేసి ఎర్రపొడి ఉందేమో చూడు. కొత్త ప్లేటు ఇంకా కొనలేదని మీ నాన్న అన్నాడు. ఈ ఆదివారం ఆ మూడు కొలతలు తీసి నాకు మెసేజ్ పెట్టు, ఏ ప్లేటు కొనాలో అవి చూశాకే మాట్లాడుకుందాం. నువ్వు కిందకి దూరేటప్పుడు మీ నాన్నని పక్కన నిలబడమను. టార్చి పట్టుకునే పని ఇవ్వు, స్పానర్ మాత్రం ఇవ్వకు.

ప్రేమతో,
పెదనాన్న