12 టైటిళ్లు గెలిచిన యూఎస్‌సీ బేస్‌బాల్ ఎందుకు పడిపోయింది? నన్నడిగితే ఫీజుల వల్ల

ప్రశ్న: అమెరికాలో కాలేజీ బేస్‌బాల్ అంటే ఒకప్పుడు లాస్ ఏంజిలెస్ యూఎస్‌సీయే (యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా) అనేవారట కదా, ఇప్పుడు పేరే వినపడదేం?

నేను 2009 నుంచి 2011 దాకా అక్కడే ఎమ్మెస్ చేశా కాబట్టి చెప్తా. మన తెలుగు పిల్లలు అక్కడ ఎంతమంది ఉన్నారో తెలుసుగా, ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్లి ఫొటోలు పెట్టనివాడు ఒక్కడు లేడు. నాలుగడుగులు వేస్తే వచ్చే బేస్‌బాల్ గ్రౌండ్‌లో కూర్చుని ఒక్క మ్యాచ్ పూర్తిగా చూసినవాడు మాత్రం నాకు ఇప్పటిదాకా తగల్లేదు. అదేమంటే "క్రికెట్ ముందు అదేం ఆట అన్నా" అంటారు. చూడకుండా ఆ మాటెలా అంటారో నాకర్థం కాదు.

నేనూ అనుకుని వెళ్లలేదు. 2010 ఏప్రిల్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం ల్యాబ్ నుంచి రూంకి పోతుంటే గోడ అవతల నుంచి ఠంగుమని శబ్దం. కాలేజీ ఆటలో బ్యాట్ లోహానిది, అందుకని చిన్న గుడిగంట కొట్టినట్టు మోగుతుంది. ఏంటా అని లోపలికెళ్లా. డీడో ఫీల్డ్ అంటారు దాన్ని, రెండున్నర వేల మంది పడతారు. ఆ రోజు ఉన్నది మూడొందల మందేమో, అందులోనూ సగం ఆటగాళ్ల అమ్మానాన్నలే అనిపించింది. నా పక్కన ఒక పెద్దాయన, ఒళ్లో స్కోర్ బుక్కు, చేతిలో పెన్సిలు, ప్రతి బంతీ రాసుకుంటున్నాడు. నా మొహం చూసి కొత్తవాడినని కనిపెట్టి, అడక్కుండానే 1973 కథ మొదలెట్టాడు.

ఆ ఏడు ఒమాహా ఊళ్లో కాలేజ్ వరల్డ్ సిరీస్, అంటే కాలేజీల జాతీయ ఛాంపియన్‌ని తేల్చే ఆఖరి పోటీ, సెమీఫైనల్లో యూఎస్‌సీకి ఎదురుగా మిన్నెసోటా యూనివర్సిటీ. వాళ్ల పిచ్చర్ (మన బౌలర్ లాంటివాడు) డేవ్ విన్‌ఫీల్డ్, తర్వాత బేస్‌బాల్ దిగ్గజాల హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లినాయన, తొమ్మిదో ఇన్నింగ్స్ అయ్యేలోపు 15 మందిని స్ట్రైకౌట్ చేసి, అంటే బంతి కొట్టనివ్వకుండానే అవుట్ చేసి కూర్చోబెట్టాడు. చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్ వచ్చేసరికి స్కోరు 7-0. యూఎస్‌సీకి సున్నా. ఆ ఒక్క ఇన్నింగ్స్‌లో యూఎస్‌సీ 8 రన్స్ కొట్టి 8-7తో గెలిచింది, ఆ తర్వాత ఫైనల్ కూడా. చెప్తుంటే పెద్దాయన చేతిలో పెన్సిలు వణుకుతోంది, ముప్పై ఏడేళ్ల కిందటి మ్యాచ్ అది!

ఆ టీమ్ కోచ్ రాడ్ డీడో, గ్రౌండ్‌కి పెట్టింది ఆయన పేరే. 1942 నుంచి 1986 దాకా ఉన్నాడు. సొంతంగా లారీల రవాణా వ్యాపారం ఉండేది కాబట్టి కోచింగ్‌కి జీతం ఏడాదికి ఒక్క డాలర్ తీసుకునేవాడు. పేరుతో పని లేకుండా అందర్నీ "టైగర్" అనే పిలిచేవాడట. ఆయన హయాంలో 11 టైటిళ్లు, అందులో 1970 నుంచి 74 దాకా వరసగా అయిదు. ఆ తర్వాత ఇప్పటిదాకా ఏ కాలేజీ కూడా వరసగా మూడు గెలవలేదు. తర్వాత ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో స్టార్లయిన టామ్ సీవర్, రాండీ జాన్సన్, మార్క్ మెగ్వైర్, అందరూ ఇక్కడ ఆడినవాళ్లే. పన్నెండోది 1998లో మైక్ గిలెస్పీ కోచ్‌గా, ఫైనల్ స్కోరు 21-14. అంతే, మళ్లీ లేదు. ఒమాహా వెళ్లింది కూడా 2001లోనే ఆఖరు. ఒమాహాకి దారి తీసే ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల జాతీయ సంస్థ) టోర్నమెంట్‌కి అర్హత చూస్తే 2005 తర్వాత 2015, 2015 తర్వాత 2025.

ఎందుకంటే అందరూ కోచ్‌ల మీదకి నెడతారు. గిలెస్పీ 2006లో వెళ్లాక అయిదుగురు మారారు, నిజమే. కానీ నా లెక్క వేరు. కాలేజీ బేస్‌బాల్‌లో ఫుట్‌బాల్‌లాగా పూర్తి స్కాలర్‌షిప్పులు ఉండేవి కాదు. అప్పటి రూలు ప్రకారం టీమ్ మొత్తానికి 11.7 స్కాలర్‌షిప్పులు, వాటిని 27 మంది దాకా ముక్కలు చేసి పంచుకోవాల్సి వచ్చేది. అంటే మంచి ఆటగాడికి కూడా సగమో పావో వచ్చేది, మిగతాది ఇంట్లోవాళ్లు కట్టుకోవాల్సి వచ్చేది. ప్రైవేటు యూనివర్సిటీలో ఆ మిగతాదెంతో నాకు తెలుసు, యూనిట్‌కి (ఒక క్రెడిట్‌కి) వెయ్యి డాలర్ల పైన కట్టినవాణ్ని, ఆ లోన్ కోసం మా నాన్న ఊళ్లో ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టాడు. అదే పిల్లాడు అరగంట దూరంలో కాల్ స్టేట్ ఫుల్లర్టన్‌కి పోతే లోకల్ వాళ్లకి గవర్నమెంటు ఫీజు, టీమ్ చూస్తే 1979, 84, 95, 2004 ఛాంపియన్లు. ఏ తండ్రైనా ఎటు పంపుతాడు? అటు దక్షిణాదిన ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) లాంటి చోట్ల బేస్‌బాల్‌కే పదివేల మంది వస్తారు, వాళ్లవి ఇప్పటికి 8 టైటిళ్లు, పన్నెండుని అందుకోడానికి ఎంతో దూరం లేదు.

ఇంకోటి గ్రౌండు. పాత డీడో ఫీల్డ్‌ని కూల్చి ఆ స్థలంలో ఫుట్‌బాల్ వాళ్లకి సెంటర్ కట్టడం మొదలెట్టారు. బేస్‌బాల్‌కి క్యాంపస్‌లోనే వేరే చోట కొత్తది ఇచ్చారు, కాదనను. కానీ ఆ వార్త చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. బీటెక్‌లో మా కాలేజీ గ్రౌండ్‌లో వాలీబాల్ ఆడేవాళ్లం, సాయంత్రం అయిదింటికి నెట్ కడితే చీకటి పడేదాకా ఇరవై మంది. థర్డియర్‌లో దాని మీద కొత్త బ్లాక్ లేపారు, "వేరే చోటు చూపిస్తాం" అన్నారు, ఇవ్వాళ్టికీ చూపించలేదు. జిల్లా స్థాయిలో ఆడిన మా సీనియర్లు ఆ తర్వాత బంతి ముట్టుకోలేదు. మన దగ్గర ఇంజనీరింగ్ కాలేజీల్లో సగం వాటికి గ్రౌండ్ అనేది బ్రోచర్ ఫొటోలోనే ఉంటుంది, దాని గురించి ఒక్క పేరెంట్ కూడా అడగడు.

అందుకే 2025 టీమ్ అంటే నాకంత ఇష్టం. పాత గ్రౌండ్ పోయింది, కొత్తది ఇంకా తయారవలేదు, హోమ్ మ్యాచ్‌లంటే క్యాంపస్‌కి దాదాపు 40 మైళ్ల దూరంలో ఇర్వైన్ వైపు పోయి ఆడాలి. అలాంటి ఏడాదిలోనే పదేళ్ల తర్వాత టోర్నమెంట్‌కి వెళ్లారు.

ఆ పెద్దాయన్ని మళ్లీ చూడలేదు. ఆ రోజు ఎవరు గెలిచారో కూడా గుర్తులేదు గానీ, లేచి వెళ్తూ నా భుజం తట్టి "వస్తా టైగర్" అన్నాడు. మావాడికి ఇప్పుడు ఎనిమిదేళ్లు, కొత్త గ్రౌండ్‌కి తీసుకెళ్దామని స్కోర్ బుక్కు కొని పెట్టా. బంతి బంతికీ ఎలా రాయాలో తెలుగులో చెప్పగలిగేవాళ్లు ఎవరైనా ఉంటే కింద రాయండి, వాడికి నేర్పాలి.