కారవాన్ కోసం 3,500 కిలోలు లాగే బండి కొనాల్సిందేనా?

ప్రశ్న: మేం మెల్‌బోర్న్ పడమటి శివార్లలో ఉంటాం. నేను ఐటీ, మా ఆవిడ నర్సు. పిల్లలకి 12, 8 ఏళ్లు. ఇద్దరికీ ఉద్యోగంలో పదేళ్లు నిండాయి కాబట్టి లాంగ్ సర్వీస్ లీవుకి (ఏళ్ల తరబడి పనిచేసినందుకు జీతంతో ఇచ్చే సెలవు) జీతం లేని సెలవు కలిపి, వచ్చే ఏడాది ఆరు నెలలు ఆస్ట్రేలియా చుట్టి రావాలని ఆశ. గుంటూరు నుంచి అమ్మానాన్నలు వస్తే వాళ్లనీ తిప్పాలి. 82 వేల డాలర్ల కారవాన్ ఒకటి నచ్చింది. ఖాళీ బరువు 2,150 కిలోలు, ఏటీఎం (సామానుతో గరిష్ఠ బరువు) 2,600. మా టొయోటా క్లూగర్ హైబ్రిడ్ కారు 2,000 కిలోలు మించి లాగదు. అందుకని 3,500 కిలోలు లాగే ఏడు సీట్ల డీజిల్ బండికి కోట్ తీసుకున్నాం. ఆన్ రోడ్ 88 వేలు, పేలోడ్ 620 కిలోలు. క్లూగర్‌కి 42 వేలు ఇస్తామన్నారు. ఆఫ్‌సెట్ ఖాతాలో (అందులో ఉన్న డబ్బు మేరకు ఇంటి లోను మీద వడ్డీ పడదు) 85 వేలు ఉన్నాయి. అందులో 60 వేలు తీసి, మిగతా 68 వేలు ఇంటి లోనుకి కలిపేద్దామని ఆలోచన. లోను ఇంకా 25 ఏళ్లు ఉంది, నెలకి 3,400 కడుతున్నాం. ఆఫీసులో నోవేటెడ్ లీజు (ఆఫీసు ద్వారా కారు తీసుకుని జీతంలోంచి కట్టే పద్ధతి) తీసుకోమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మన ఊళ్లలో కారవాన్ అంటే షూటింగ్ దగ్గర హీరోలు కూర్చునే ఏసీ బస్సు. ఇక్కడికి వచ్చాక అదే మాటకి కారు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు అని అర్థం, అదో మధ్యతరగతి కలగా మారుతుంది. నేనూ ఆ కల కన్నవాణ్ణే. మొదటిసారి అద్దెకు తీసుకున్న కారవాన్‌ని ఎచూకాలో పార్కు స్థలంలోకి రివర్స్ చేయడానికి నలభై నిమిషాలు పట్టింది. చుట్టూ ఉన్న పెద్దాయనలు కుర్చీలు తెచ్చుకుని మరీ చూశారు. కాబట్టి మీ ఉత్సాహం మీద నీళ్లు చల్లడం నా ఉద్దేశం కాదు. కానీ మీ లెక్కలో రెండు పెద్ద పొరపాట్లు ఉన్నాయి. ఒకటి కిలోల్లో, ఒకటి డాలర్లలో.

ముందు కిలోలు. 3,500 అన్నది ప్రకటనలో కనిపించే అంకె. బండి లాగగల గరిష్ఠ బరువు అది. ల్యాండ్‌క్రూజర్, ప్రాడో, ఫోర్డ్ ఎవరెస్ట్, ఇసుజు ఎంయూ-ఎక్స్, అన్నిటికీ అదే అంకె. అందుకే డీలర్‌కి ఆ మాట చెప్పడం తేలిక. మిమ్మల్ని ఇబ్బంది పెట్టేది పేలోడ్, అంటే బండి తన మీద మోయగల బరువు. కారవాన్ బరువు మొత్తం దాని చక్రాల మీదే ఉండదు. ఎడ్లబండికి బస్తాలు ఎక్కించడం చూసినవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. వెనక ఎక్కువ వేస్తే నొగలు పైకి లేస్తాయి, ముందు ఎక్కువ వేస్తే కాడి ఎద్దుల మెడ మీద కూర్చుంటుంది. కారవాన్ కూడా అంతే. వెనక బరువైతే హైవే మీద తోక ఊపడం మొదలుపెడుతుంది. అందుకే మొత్తం బరువులో సుమారు పది శాతం కారు కొక్కెం మీద పడేలా సర్దుతారు. టో బాల్ బరువు అంటారు దాన్ని. మీ 2,600 కిలోల కారవాన్‌కి అది 260 కిలోలు. ఆ 260 కారు పేలోడ్‌లోంచే పోతుంది.

ఇప్పుడు మీ ఇంటి లెక్క వేద్దాం. మీ దంపతులు 145, పిల్లలు 68, అమ్మానాన్నలు 130, మొత్తం 343 కిలోలు అనుకుందాం. టోబార్‌కి (కారు వెనక కొక్కెం బిగించే కడ్డీ) ఒక 40. కొక్కెం మీద 260. అంతా కలిపితే 643. పేలోడ్ 620. ఇంకా ఒక్క సూట్‌కేసు ఎక్కలేదు, రైస్ కుక్కర్ ఎక్కలేదు, అమ్మగారి ఆవకాయ జాడీ ఎక్కలేదు, అప్పుడే 23 కిలోలు ఎక్కువైంది. లక్షా 70 వేల డాలర్లు పోసి కొన్నది అసలు మీరు కోరుకున్న ప్రయాణానికే చట్టప్రకారం పనికిరాదన్నమాట. బరువు మించి నడుపుతూ ప్రమాదం జరిగితే బీమా క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఉంది. నాకున్న భయం పోలీసు జరిమానా గురించి కాదు, దీని గురించే.

అమ్మానాన్నలు లేకుండా మీరు నలుగురే వెళితే ఇదే లెక్కలో 107 కిలోలు మిగులుతుంది. సామానుకి అది సరిపోతుంది, జాగ్రత్తగా సర్దుకుంటే. పెద్దవాళ్లని తిప్పాలనుకున్నప్పుడు కారవాన్ ఇంట్లో వదిలేసి, మామూలు కారులో వెళ్లి పార్కుల్లో క్యాబిన్ తీసుకోండి. నిజం చెప్పాలంటే అరవై దాటినవాళ్లు రాత్రి రెండింటికి టార్చిలైటు పట్టుకుని పార్కు టాయిలెట్‌కి నడవడం నాకు చూడబుద్ధి కాదు.

కారవాన్ వైపు కూడా ఒక మాట. ఏటీఎం అంటే ఇక్కడ డబ్బు మిషను కాదు, సామానుతో సహా కారవాన్ ఉండగల గరిష్ఠ బరువు. (మిషను డబ్బు ఇస్తుంది, ఇది లాక్కుంటుంది, అంతే తేడా.) ఖాళీ బరువు 2,150 పోను మీకు 450 మిగిలింది. 95 లీటర్ల నీళ్ల ట్యాంకులు రెండు నింపితే 190 కిలోలు. రెండు గ్యాస్ సిలిండర్లకి ఇంకో 35, 40. అదనంగా పెట్టించుకునే బ్యాటరీ, సోలార్, గుడారం బరువు చాలాసార్లు ఆ ప్లేటు మీది ఖాళీ బరువులో ఉండదు. అందుకని డబ్బు మొత్తం కట్టే ముందు కారవాన్‌ని వేబ్రిడ్జి మీద తూకం వేయించి చూపించమనండి. ఊళ్లో వడ్ల లారీకి ధర్మకాంటా చీటీ లేకుండా డబ్బులిచ్చేవాళ్లా? ఇక్కడా అంతే. చూపించమంటే డీలర్ నసిగితే ఆ నసుగుడే మీకు జవాబు.

కారు, కారవాన్ కలిపి ఉండాల్సిన గరిష్ఠ బరువు, జీసీఎం, ఇంకొకటి ఉంటుంది. కొన్ని బండ్లు నిజంగా 3,500 లాగుతుంటే తమ మీద రెండు వందల కిలోలు కూడా మోయలేవు. మీ 2,600కి అది అడ్డు రాకపోవచ్చు, అయినా ఆ అంకె కోట్ మీద రాయించుకోండి. ఇంత బరువున్న కారవాన్‌కి అన్ని చక్రాలకీ బ్రేకులు, కొక్కెం ఊడిపోతే వాటంతట అవే పడే బ్రేక్‌అవే వ్యవస్థ ఉండాలని ఇక్కడి నిబంధన. కారులో బ్రేక్ కంట్రోలర్ బిగించే ఖర్చు కోట్‌లో కలిసిందో లేదో చూసుకోండి.

ఇక డాలర్లు. ఇంటి లోనుకి 68 వేలు కలిపేస్తే నెలకి 438 డాలర్లే పెరుగుతుంది (వడ్డీ 6 శాతం అనుకుంటే). అందుకే అందరికీ ఆ దారి నచ్చుతుంది. కానీ 25 ఏళ్లలో దాని మీద కట్టే వడ్డీ 63 వేలు దాటుతుంది. మీ చిన్నవాడికి 33 ఏళ్లు వచ్చినా మీరు ఈ బండికి కడుతూనే ఉంటారు, ఆ బండి ఎప్పుడో తుక్కు కింద పోయి ఉంటుంది. అదే వడ్డీకి అదే 68 వేలు అయిదేళ్లలో తీర్చేస్తే వడ్డీ 11 వేల లోపు. కాకపోతే నెలకి 1,315 కట్టాలి. ఇంటి లోనులో కలిపినా సరే, దాన్ని విడిగా ఒక స్ప్లిట్‌గా పెట్టించి అయిదేళ్ల గడువు రాయించుకోండి. నెలకి 1,315 కట్టలేం అనిపిస్తే, ఆ బండి మీ స్తోమతకి మించిందని అర్థం.

అంతకంటే పెద్దది మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో దాటేశారు, జీతం లేని సెలవు. విక్టోరియా చట్టం ప్రకారం పదేళ్లకి వచ్చే లాంగ్ సర్వీస్ లీవు సుమారు 8.7 వారాలు. ఆరు నెలలంటే 26 వారాలు. వార్షిక సెలవు లేదనుకుంటే 17 వారాలు, అంటే నాలుగు నెలలు, ఇద్దరికీ జీతం ఉండదు. ఆ నాలుగు నెలలూ పాత ఇంటి లోను కిస్తులే 13,600. చుట్టుప్రయాణం 15 వేల కిలోమీటర్లు, లాగుతున్నప్పుడు వందకి 16 లీటర్లు, లీటరు 2 డాలర్లు అనుకుంటే డీజిల్‌కి 4,800. ఆఫ్‌సెట్‌లో మిగిల్చిన 25 వేలలో ఇవి పోతే 6,600 చేతిలో ఉంటుంది. తిండి, పార్కు అద్దెలు, బీమాలు, కొత్త అప్పు కిస్తులు, నలార్‌బర్ ఎడారి మైదానం మధ్యలో టైరు పగిలితే దానికి, అన్నిటికీ అదే. నాకైతే ఈ అంకె చూస్తేనే టెన్షన్ వచ్చింది.

నోవేటెడ్ లీజు ఈ సమస్యని ఇంకా బిగిస్తుంది. లీజు కిస్తు జీతంలోంచి కోస్తారు. జీతమే రాని నెలల్లో అది మీ జేబులోంచి కట్టాలి. అయిదేళ్ల లీజు చివర్లో కారు ధరలో 28.13 శాతం రెసిడ్యువల్, అంటే ఇంకా కట్టాల్సిన మొత్తం, మిగులుతుంది, అదీ మీదే బాధ్యత. కారవాన్‌ని ఆ లీజులో పెట్టడానికి ఎలాగూ కుదరదు. లీజు పన్ను లాభం బాగా కనిపించేది పూర్తి ఎలక్ట్రిక్ కార్లకి, ఫ్రింజ్ బెనిఫిట్స్ పన్ను (జీతం కాక ఉద్యోగులకి ఇచ్చే సౌకర్యాల మీద పన్ను) మినహాయింపు వల్ల. ప్లగ్-ఇన్ హైబ్రిడ్లకి కొత్త లీజుల మీద ఆ మినహాయింపు 2025 ఏప్రిల్ 1తో ఆగిపోయింది. ఎలక్ట్రిక్ కారుకి ఇంత పెద్ద కారవాన్ తగిలిస్తే ఒక్క ఛార్జీతో వెళ్లే దూరం దాదాపు సగానికి పడిపోతుంది. దేశం చుట్టడానికి ఇప్పుడే దాని జోలికి వెళ్లొద్దు.

88 వేల కోట్‌లో లగ్జరీ కార్ ట్యాక్స్ ఉందేమో కూడా చూడండి. 2025-26లో మామూలు డీజిల్ బండ్లకి హద్దు 80,567 డాలర్లు. స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ అందులోకి రావు కానీ డెలివరీకి ముందు డీలర్ బిగించే సామాన్లు వస్తాయి. హద్దు మీద పదివేలు ఎక్కువైతే పన్ను 3,000. బుల్‌బార్ (బండి ముందు రక్షణగా బిగించే కమ్మీ), రూఫ్ ర్యాక్ లాంటివి కావాలంటే బండి ఇంటికి వచ్చాక వేరే షాపులో పెట్టించుకోండి. అసలు బుల్‌బార్ వద్దనే అంటాను, మళ్లీ పేలోడ్ గుర్తు తెచ్చుకోండి.

సొంత కారవాన్ రాత్రికి ఎంత పడుతుందో ఎవరూ చెప్పరు, మనమే చూద్దాం. 82 వేలు ఆఫ్‌సెట్‌లో ఉంటే ఏడాదికి 4,920 వడ్డీ తప్పుతుంది, దాని మీద పన్ను కూడా లేదు. ఏటా తరుగు 6,000, బీమా, రిజిస్ట్రేషన్, నిలిపే చోటు కలిపి 2,500 అనుకోండి. మొత్తం 13,420. మామూలు ఏడాదిలో మీరు 28 రాత్రులు వాడితే రాత్రికి సుమారు 480 డాలర్లు, పార్కు అద్దె కాకుండా. ఆరు నెలల యాత్రకి ఈ లెక్క బాగానే తేలుతుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి డ్రైవ్‌వేలో టార్పాలిన్ కప్పుకుని కూర్చుంటేనే మునుగుతారు.

నేనైతే ఇలా చేస్తాను. ఈ సెప్టెంబరు సెలవుల్లో క్లూగర్ లాగగలిగే తేలికపాటి కాంపర్ ట్రైలరో (మడత విప్పితే గుడారమయ్యేది) పాప్-టాపో (పైకప్పు ఎత్తుకునే చిన్న కారవాన్), 1,500 నుంచి 1,700 కిలోల తరగతిది, అద్దెకు తీసుకుని పది రోజులు తిరగండి. మీ ఆవిడకి నచ్చిందా, పెద్దవాడు ఫోన్ సిగ్నల్ లేకుండా ఉండగలడా, రివర్స్ చేసేటప్పుడు మీ ఇద్దరి మధ్య మాటలు ఉంటాయా, అన్నీ తెలుస్తాయి. నచ్చితే అలాంటిదే కొనుక్కుని క్లూగర్‌తోనే చుట్టి రావడం సాధ్యమేనా అని నిజాయితీగా ఆలోచించండి. అప్పుడు 88 వేల బండి ప్రశ్నే ఉండదు. దాని టో బాల్ పరిమితి, పేలోడ్ మాత్రం పైన చేసినట్టే లెక్క వేసుకోండి.

పిల్లలకి బంక్ పడకలు, లోపలే స్నానాల గది ఉన్న పెద్ద కారవానే కావాలని తేలితే, రెండూ కొత్తవి కొనకండి. మూడు నాలుగేళ్లు వాడిన డీజిల్ ఎవరెస్టో ఎంయూ-ఎక్సో, లేదా 3,100 కిలోలు లాగే పజేరో స్పోర్టో చూడండి. 2,600కి 3,100 చాలు. కారవాన్ కూడా ఒక యాత్ర చేసి వచ్చినదైతే, మొదటి యజమాని దాని నీటి లీకులన్నీ కనిపెట్టి బాగు చేయించి ఉంటాడు. అయినా కొనే ముందు తేమ పరీక్ష చేయించండి. యాత్ర అయ్యాక మూడు నెలల్లో కారవాన్ అమ్మేస్తామని ఇద్దరూ ఇప్పుడే అనుకోండి. తిరిగి వచ్చాక మనసు రాదు.

యాత్రకి బయల్దేరే రోజున ఆఫ్‌సెట్‌లో 45 వేలకి తగ్గకూడదు. అంటే ఇప్పుడు మీరు తీయగలిగింది 40 వేలు, 60 కాదు. ఆరు నెలలు ఇల్లు అద్దెకిస్తే ఈ హద్దు కొంచెం సడలించవచ్చు. అద్దె మీద పన్ను ఉంటుంది. అద్దెకిచ్చినా ఆరేళ్ల దాకా సొంత ఇల్లుగానే లెక్కించే ఆరేళ్ల నియమం వల్ల సొంత ఇల్లుగా దానికున్న క్యాపిటల్ గెయిన్స్ మినహాయింపు పోదు, కానీ బ్యాంకుకీ బీమా కంపెనీకీ ముందే చెప్పాలి. మీ మిగతా ఆస్తులూ అప్పులూ నాకు తెలియవు కాబట్టి సంతకాలకి ముందు మీ అకౌంటెంట్‌కి ఈ అంకెలు ఒకసారి చూపించండి.

కోట్ ఈ నెలాఖరుకి అయిపోతుందని డీలర్ తొందరపెడుతుంటాడు. వచ్చే నెల ఇంకో కోట్ ఇస్తాడు.