మావయ్యగారి కంచం వేరు పెట్టాలా?

ప్రశ్న: మా మావయ్యగారికి 71 ఏళ్లు. నిమోనియాతో 16 రోజులు ఐసీయూలో ఉండి, నెల క్రితం ఇంటికొచ్చారు. ఇప్పుడు దగ్గు, జ్వరం లేవు, బాగానే తింటున్నారు. కానీ డిశ్చార్జి కాగితాల్లో 'రెక్టల్ స్వాబ్: కార్బపెనెమ్ రెసిస్టెంట్ క్లెబ్సియెల్లా, కాలనైజేషన్' అని ఉంది. నెట్‌లో చూశాక అందరికీ టెన్షన్ పట్టుకుంది. అత్తయ్యగారు ఆయనకు కంచం, గ్లాసు వేరు చేశారు. నాలుగేళ్ల మనవణ్ణి దగ్గరికి పోనివ్వడం లేదు. తెలిసిన మందుల షాపాయన 'ఐదు రోజుల కోర్సు వాడితే పోతుంది' అంటున్నాడు. వాడమంటారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వద్దమ్మా. ఆ కోర్సు మొదలుపెట్టి ఉంటే ఈ ఉత్తరం చదవగానే చూపించిన డాక్టరుకి ఫోన్ చేసి చెప్పండి. మొదలుపెట్టకపోతే మరీ మంచిది.

కాలనైజేషన్ అంటే జబ్బు కాదు. క్లెబ్సియెల్లా అనే ఆ బాక్టీరియా ఆయన పేగుల్లో కాపురం పెట్టింది, అంతే. ఊపిరితిత్తుల్లోనో, మూత్రంలోనో, రక్తంలోనో చేరి జ్వరం తెప్పిస్తే అప్పుడది ఇన్ఫెక్షన్. వైద్యం దానికే గానీ, ఊరికే ఉన్నదానికి కాదు.

పాతికేళ్లకు పైగా ల్యాబులో ప్లేట్లు చూసిన దాన్ని కాబట్టి, ఆ ఒక్క లైను వెనక ఏముందో చెబుతాను. మలద్వారంలోంచి నమూనా తీసిన దూదిపుల్ల (స్వాబ్) రుద్దిన ప్లేటు మర్నాటికి గులాబీరంగు జిగురుబొట్లతో నిండుతుంది. అందులోంచి కాస్త తీసి ఇంకో ప్లేటు మీద పరిచి, బొట్టుబిళ్లంత కాగితం ముక్కలు పెడతాం. ఒక్కో ముక్కలో ఒక్కో యాంటీబయోటిక్. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ శుభ్రంగా ఖాళీ వలయం ఏర్పడుతుంది. మీ మావయ్యగారిలాంటి కేసుల్లో మెరోపెనెమ్ బిళ్ల అంచు దాకా బాక్టీరియా అలుక్కుపోయి ఉంటుంది. మెరోపెనెమ్ అంటే మీ కాగితంలో ఉన్న కార్బపెనెమ్ రకం మందు, మామూలు మందులు పనిచేయనప్పుడు ఐసీయూలో సెలైన్‌తో ఎక్కించేది. దానికే లొంగనిది షాపాయన బిళ్లలకు లొంగుతుందా?

లొంగకపోగా బలుస్తుంది. మన పేగులు ఎప్పుడూ రద్దీగా ఉండే ఆర్టీసీ బస్సు లాంటివి. సీట్లన్నీ మంచి బాక్టీరియాతో నిండి ఉంటే ఈ మొండి రకానికి ఓ మూల నిలబడే చోటే దక్కుతుంది. యాంటీబయోటిక్ వేశారా, బస్సు ఖాళీ. మిగిలిన ఈ మహానుభావుడు అన్ని సీట్ల మీదా కర్చీఫ్ వేసేస్తాడు. ఐసీయూలో జరిగింది చాలామటుకు ఇదే. అలాగని అక్కడి మందులను తిట్టుకోకండి, నిమోనియా నుంచి ఆయన బయటపడింది వాటివల్లే.

ఇంకో చిక్కుంది. ఈ మొండితనం ఇచ్చే జన్యువులు చాలావరకు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చుట్ట మీద ఉంటాయి. పరీక్ష హాల్లో చీటీలు అందించుకున్నట్టు ఒక బాక్టీరియా ఇంకోదానికి ఇచ్చేస్తుంది. క్లెబ్సియెల్లా దగ్గరున్నది రేపు ఈ.కోలైకి చేరొచ్చు. ఎన్‌డీఎమ్-1 అని మీరు నెట్‌లో చూసే ఉంటారు, అదీ ఇలాంటి జన్యువే. అందులో ఎన్‌డీ అంటే న్యూఢిల్లీ. అంతకుముందు ఢిల్లీలో ఆసుపత్రిలో ఉండి స్వీడన్ వెళ్లిన రోగిలో 2008లో దొరికింది. న్యూఢిల్లీ పేరు పెట్టారని 2010లో మన దగ్గర పెద్ద గొడవే అయింది. గొడవ సద్దుమణిగింది గానీ జన్యువు ఎక్కడికీ పోలేదు.

షాపాయన విషయం కూడా చెప్పాలి. 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 అమల్లో ఉంది. అందులోని యాంటీబయోటిక్ అమ్మితే రాసిన డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టరులో ఎక్కించాలి. ఈ కోర్సుకి ఏ డాక్టరు పేరు రాస్తాడో అడిగి చూడండి.

ఇక కంచం. వేరు అక్కర్లేదు. ఇది మలంలోంచి బయటికొచ్చి, కడగని చేతులతో నోటికి చేరుతుంది. కాబట్టి దొడ్డికి వెళ్లొచ్చాక ఆయన, ఆయనకు సాయం చేసినవాళ్లు సబ్బుతో చేతులు బాగా కడుక్కుంటే చాలు. వంటకు ముందు, తినేముందు అందరూ కడుక్కోవాలి. మరకలైన బట్టలు విడిగా వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయండి. మనవణ్ణి నిక్షేపంగా ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. ఇంట్లో ఎవరికైనా కీమో జరుగుతున్నా, యూరిన్ పైపు ఉన్నా మాత్రం వాళ్ల డాక్టరుకి ఈ సంగతి చెప్పండి.

పెరుగు తింటే పోతుందా అని మీరు అడగలేదు గానీ వచ్చే ఉత్తరంలో అడుగుతారు. ఇష్టమైతే తిననివ్వండి, మందనుకుని కాదు. ఈ బాక్టీరియా మామూలుగా నెలల్లో దానంతటదే తగ్గుతుంది. కొందరిలో ఏడాది దాటినా ఉంటుంది. ఇంటి దగ్గర ఊరికే మళ్లీ మళ్లీ పరీక్షలు చేయించక్కర్లేదు.

అసలు జాగ్రత్త ఇంకోచోట కావాలి. మా అమ్మకి తుంటి ఆపరేషన్ తర్వాత ఇలాంటి రిపోర్టే వచ్చింది. కాగితం బీరువాలో పెట్టాను. నాలుగు నెలలకు చలిజ్వరంతో వేరే ఆసుపత్రిలో చేర్చాం. ఆ కంగారులో, మైక్రోబయాలజిస్టుని అయ్యుండీ, చెప్పడం మర్చిపోయాను. మూత్రం కల్చర్ వచ్చేదాకా రెండు రోజులు పనికిరాని మందు ఎక్కింది. అమ్మ కోలుకుంది గానీ, ఆ రెండు రాత్రులూ నాకింకా గుర్తే.

అందుకే ఆ పేజీని ఫోనులో ఫొటో తీసి, ఇంట్లో కారు నడిపేవాళ్లందరికీ పంపండి. జ్వరంతో చేర్చినా, యూరిన్ పైపు వేస్తామన్నా, ఏ ఆపరేషన్ అన్నా ముందు అది చూపించండి. ఆయన వయసుకి ప్రోస్టేట్ బయాప్సీ మాట రావచ్చు. మలద్వారం గుండా సూది పంపి చేసే పద్ధతైతే పేగుల్లోని బాక్టీరియా రక్తంలోకి పోయే దారి అదే, కాబట్టి యూరాలజిస్టుకి తప్పనిసరిగా చెప్పండి. అసలు కాగితం మా అమ్మది పెట్టినట్టు బీరువాలో పెట్టకండి, ఆయన బీపీ మాత్రల డబ్బాలో మడిచి పెట్టండి.